అసి - ధర్మగర్భమైన ఖడ్గం యొక్క చరిత్ర

మహాభారత శాంతిపర్వంలో, ఆపద్ధర్మ ప్రకరణం ముగింపునకు చేరువలో, నకులుడు శరతల్పగతుడైన భీష్మ పితామహుని ఒక ప్రశ్న అడుగుతాడు. లోకం ధనుస్సునే శ్రేష్ఠాయుధమంటుంది. కాని విల్లు విరిగి, గుర్రాలు నశించిన వేళ యోధుని కాపాడేది ఖడ్గమే కదా! అది ఎట్లు పుట్టింది? ఎవరు, ఎందుకొరకు పుట్టించారు? దానికి ప్రథమాచార్యుడు ఎవరు?

నకులుడు ఖడ్గవిద్యానిపుణుడు గనుక ఈ ప్రశ్న సహజమే. అయితే అతని పుత్రుడు శతానీకుడు యుద్ధాంతరాత్రి అశ్వత్థామ చేతిలో శిరస్సు కోల్పోయాడని గుర్తుంచుకుంటే, ఈ జిజ్ఞాస వెనుక గల వేదన కూడ గోచరిస్తుంది.

భీష్ముడు చెప్పిన వృత్తాంతమిది. హిరణ్యకశిపుడు, విరోచనుడు, నముచి మొదలైన దానవులు ధర్మమర్యాదను అతిక్రమించగా, బ్రహ్మ హిమవత్పర్వతంపై యజ్ఞం ఆరంభించాడు. ఆ అగ్ని నుండి నీలోత్పలవర్ణంతో, తీక్ష్ణదంష్ట్రలతో, కృశోదరంతో ఒక మహాభూతం ఆవిర్భవించింది. భూమి కంపించింది. దాని పేరు అసి అని, లోకరక్షణకై తానే దానిని సంకల్పించానని బ్రహ్మ పలికాడు. అంతట ఆ భూతం తన రూపం విడిచి నిర్మలమైన ఖడ్గమైంది.

బ్రహ్మ దానిని రుద్రునికి ఇచ్చాడు. రుద్రుడు దానవులను నిర్జించి, వెంటనే రౌద్రరూపాన్ని ఉపసంహరించి శివరూపం ధరించాడు. పిదప ఆ ఖడ్గాన్ని సత్కారపూర్వకంగా విష్ణువునకు అర్పించాడు. విష్ణువు నుండి మరీచికి, మరీచి నుండి మహర్షులకు, వారి నుండి ఇంద్రునికి, ఇంద్రుని నుండి లోకపాలురకు, వారి నుండి వైవస్వత మనువునకు అది సంక్రమించింది. ఈ పరంపరలో ఏ ఒక్కరూ దానిని తనదిగా నిలుపుకొనలేదు. శస్త్రాన్ని ప్రయోగించగల శక్తి కంటె, కార్యం ముగియగానే దానిని విడువగల శక్తి గొప్పదని రుద్రుని వర్తనమే బోధిస్తున్నది.

మనువునకు ఖడ్గమిస్తూ లోకపాలురు విధించిన నియమం మరింత గమనార్హం. ధర్మసేతువును దాటినవారికి దోషానుసారంగా దండం విభజించాలే గాని, స్వేచ్ఛానుసారం విధించరాదు. కొందరికి కఠినవాక్కే దండం, కొందరికి ధనదండం. అంగచ్ఛేదం గాని వధ గాని అల్పకారణానికి తగదు. అనగా ఖడ్గంతో పాటు ఖడ్గానికి హద్దు కూడ అందింది. అందుకే అది ధర్మగర్భమయింది. దాని 8 నామాలు అసి, విశసనం, ఖడ్గం, తీక్ష్ణవర్త్మ, దురాసదం, శ్రీగర్భం, విజయం, ధర్మపాలం. ఛేదనార్థకమైన విశసనంతో పాటు ధర్మపాలమనే నామం కూడ అదే వరుసలో ఉన్నది.

మనువు నుండి క్షుపునకు, అటు పిమ్మట ఇక్ష్వాకు, పురూరవ, ఆయు, నహుష, యయాతి, పూరులకు, ఇంకా అనేక రాజులకు చెందిన ఆ ఖడ్గం, చివరకు భరద్వాజుని నుండి ద్రోణునికి, ద్రోణుని నుండి కృపునికి, కృపుని నుండి పాండవులకు వచ్చిందని భీష్ముడు ముగిస్తాడు.

ఇక్కడ సాధకుడు ఒక క్షణం ఆగాలి. నహుషుడు దానిని ధరించినవాడే, అయినా గర్వాంధుడై సర్పయోనిలో పతితుడయ్యాడు. కృపుడు దానిని అందుకొన్నవాడే, అయినా నిద్రిస్తున్న శిబిరంపై దాడి జరిగిన రాత్రి ద్వారం వద్ద నిలిచి, పారిపోయేవారిని సంహరించాడు. శతానీకుడు మరణించినది ఆ రాత్రియే. తన కుమారుని వధకు తోడ్పడిన ఆచార్యుని పేరును నకులుడు ఈ పరంపరలో వినవలసివచ్చింది. పితామహుడు ఆ పేరును దాచలేదు.

దివ్యఖడ్గం తనను ధరించినవానిని ధర్మాత్మునిగా మార్చదు. పరంపర శస్త్రాన్ని అందించగలదు, నిగ్రహాన్ని మాత్రం ప్రతివాడూ స్వయంగా సాధించుకోవాలి. అధికారం, విద్య, వాక్కు మన చేతికి వచ్చిన ఖడ్గాలే. వాటిని ఎంతవరకు ప్రయోగించాలో, ఎప్పుడు విడువాలో ఎరిగినవాని చేతిలోనే అవి ధర్మపాలమనే నామానికి అర్హమవుతాయి.