దశబంధం తెగిన చెరువు

పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వెయ్యి మంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్లపాటు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని రాతిలో చెక్కించాడు. ఆ పన్నెండింటిలో మొదట చెప్పింది నీటి గురించో నేల గురించో అనుకుంటాం. కానీ అక్కడ ఉన్నది ధర్మబుద్ధీ, ధనమూ ఉండి కీర్తి కోరుకునే రాజు. పెట్టుబడి పెట్టేవాడు లేనిదే చెరువు లేదన్న సంగతి ఆనాటివాళ్లకు బాగా తెలుసు.

రాజు కట్టేది ఒక్కసారే. ఆ తర్వాత ఏటేటా కట్ట మీద కంప కొట్టాలి, తూము బాగుచేయాలి, అలుగు సరిచూడాలి, వానాకాలం రాత్రుళ్లు కాపలా ఉండాలి. ఆ ఖర్చు కోసం పుట్టిందే దశబంధం. చెరువు కట్టినవాడికి, లేదా తెగిన కట్టను నిలబెట్టినవాడికి ఆయకట్టులో పదో వంతు లెక్కన భూమి ఇచ్చేవారు, కొన్నిచోట్ల శిస్తు తగ్గించేవారు. చెరువు బాగోగులు చూసుకోవడమే షరతు. గండి పూడ్చకపోతే అతడి మడీ ఎండుతుంది. మడులకు నీళ్లు వదిలే నీరుగట్టికి విడిగా మాన్యం ఉండేది, కళ్లంలో పంట వాటాగా మేర ఉండేది. తిరుమల దేవుడికి నైవేద్యం కోసం భక్తులిచ్చిన సొమ్మును కూడా ఆలయం తన ఊళ్లలో చెరువులకూ కాలువలకూ పెట్టింది. పెరిగిన పంటతోనే ఆ నైవేద్యం నడిచింది. ఇంతకన్నా తెలివైన పెట్టుబడిని ఏ బ్యాంకు కనిపెట్టిందో నాకు తెలియదు.

అదంతా స్వర్ణయుగమని చెప్పను. కట్ట మీద తట్ట మోసినవాళ్లలో ఎందరో వెట్టివాళ్లు. తూము తెరిచే నీరుగట్టికి, అతడి కులం కారణంగా, ఆ నీళ్లు పారే భూమి మీద పెత్తనం ఉండేది కాదు. అయినా చెరువుకంటూ సొంత ఆదాయం ఉండేది. పతనం మొదలైంది అది తెగినప్పుడే.

కుంపిణీ దొరలకు చెరువు కింది మడి శిస్తు కావాలి, చెరువు మరమ్మతు భారం మాత్రం వద్దు. ఇనాములనే ఈ మాన్యాలను వాళ్లు ఖజానాకు పడిన చిల్లుగా చూశారు. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ కూర్చుంది, ఒక్కో ఇనామునూ తిరగేసింది. అదే ఏడు ఒక చట్టం కూడా వచ్చింది: చెరువులకు, కాలువలకు ఊరివాళ్లు ఆనవాయితీగా చేసే పని ఇకపై చేయకపోతే శిక్ష. పోషించే ఆదాయాన్ని లాక్కుని, చాకిరీని మాత్రం చట్టంలో బిగించారు. ఆ తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చి రాయలసీమ ఎండిపోయింది. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టారు గానీ, తెగిన ముడి మళ్లీ పడలేదు.

స్వరాజ్యం వచ్చాక ఇనాములు రద్దయ్యాయి. భూమి దున్నేవాడికి చెందడం న్యాయమే. చెరువు వాటా ఎక్కడి నుంచి రావాలో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆనకట్టలకు వేల కోట్లు వెళ్లాయి. చెరువుకు ఒక గుమాస్తా, ఒక ఫైలు మిగిలాయి. రైతు విసిగి, అప్పు చేసి బోరు వేశాడు. ఒకటి ఎండితే రెండోది వేశాడు. అలా ఊరుమ్మడి ఖర్చు ఒక్కో ఇంటి అప్పుగా మారిపోయింది. రాయలసీమలో చాలామందిని ముంచింది కరువొక్కటే కాదు, ఈ అప్పులు కూడా.

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అంతకుముందే నీటి తీరువా మూడింతలైంది. వసూలైన దానిలో కొంత సంఘానికే తిరిగి వస్తుందన్న మాట మీద ఆశ పుట్టింది. అప్పు తెచ్చిన డబ్బున్నన్నాళ్లు పనులు సాగాయి. తర్వాత ఎన్నికలు వాయిదా పడ్డాయి, సంఘాలు నీరసించాయి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ 46,531 చెరువుల లక్ష్యంతో మొదలైంది. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో తోలుకుని పొలాలకు పోసుకున్నారు. మంచి పని. కానీ పూడిక ఆగదు, పథకం ఆగుతుంది.

మళ్లీ గ్రామసభ జరిగినప్పుడు ఒక్క మాట అడగండి: మన చెరువుకు ఈ ఏడాది మరమ్మతు సొమ్ము ఏ పద్దు కింద ఉంది? జవాబు వచ్చేదాకా కూర్చోండి.