మసూరదళము, లెన్సు: ఒక విచారము

నేత్రరోగములను విస్తరించి చెప్పిన మన ప్రాచీనగ్రంథములలో సుశ్రుతసంహిత ప్రధానమైనది. దృష్టి మసూరదళమంత ప్రమాణము గలదని దాని యుత్తరతంత్రమునఁ గలదు. మసూరమనఁగా మనము మైసూరుపప్పనెడు ధాన్యము. కంటిలోని కటకమునకు ఐరోపీయులు పెట్టిన లెన్సు అను పేరును లాటినుభాషలో నా ధాన్యమునకే పేరు. ఈ సామ్యమును జూచిన పండితునకు, సుశ్రుతుఁడు కటకమును లెస్సగా నెఱిఁగియుండెననియు, చెడినదానిఁ దీసి క్రొత్తదాని నమర్చు నేఁటి చికిత్సకు మూల మచ్చటనే యున్నదనియుఁ దోఁచుట సహజము. ఆ తలంపు నిలుచునా యని యిందు విచారింపఁబడును.

సుశ్రుతుఁడు మసూరమును జెప్పినది పరిమాణము తెలుపుటకు. లాటినుపేరు పుట్టినది రెండువైపుల నుబ్బిన యాకారమునుబట్టి. ఉపమాన మొక్కటియే యైనను సాధారణధర్మము వేఱు. అదిగాక, లింగనాశమున దృష్టిని గప్పునది దోషమని యాతని మతము. కటకమే మసకబాఱునని యతఁడు చెప్పలేదు. కఫజమైన లింగనాశమున కతఁడు శస్త్రచికిత్సను విధించెను. యవధాన్యపు మొనవంటి ముఖముగల శలాకతోఁ గంటిని బ్రక్కనుండి వేధింపవలయును. ఎడమకంటికిఁ గుడిచేతిని, కుడికంటికి ఎడమచేతిని వాడవలయును. పిమ్మట నేతితోఁ దడిపి వస్త్రముతోఁ గట్టి రోగిని వెల్లకిలఁ బరుండఁబెట్టవలయును. అతఁడు తుమ్ము, దగ్గు, ఉమ్మి, కంపనము లేక యుండవలయును. అనుభవము లేనివాఁ డిన్ని జాగ్రత్తలు చెప్పఁజాలఁడు. ఈ వేధచే మసకబాఱిన కటకము కంటిలోననే తొలఁగి వెలుఁగునకు దారి యిచ్చెడిదని నేఁటివారి వివరణము. కాని కటకము తొలఁగినప్పుడు దాని శక్తియుఁ దొలఁగును. మనుష్యుని రూపము పోల్చుకొనవచ్చును గాని, తాటియాకుమీఁది సన్నని వ్రాఁత చదువ వీలుగాదు.

ఐరోపాఖండమునను చిరకాల మిట్టి భ్రమయే యుండెను. ఈ రోగమునకు వారిడిన కాటరాక్టు అను పేరునకు జలపాతమని యర్థము. దుష్టరస మొకటి కంటిలోనికి జాఱి తెఱకట్టునని వారి నమ్మకము. 1705లో ఫ్రాన్సుదేశీయుఁడు మిషెల్ బ్రిసో మృతుని కంటిని గోసి చూచి, ఆ తెఱ మసకబాఱిన కటకమే యని కనుఁగొనెను. 1747లో జాక్ దావియెల్ దానిని గంటినుండి వెలికిఁ దీసెను. అటుపై రోగికి దళసరి కుంభాకారపు టద్దముల సులోచనములే శరణ్యములు. వానిలోఁ జూచినపుడు వస్తువులు సుమారు నాలుగవవంతు పెద్దవిగాఁ దోఁచును. ఒక కంటికే చికిత్స జరిగినచో రెండుకండ్ల రూపములు నొకటిగాఁ గలియవు.

తీసినదాని స్థానమున మఱియొకటి నుంచినవాఁడు ఆంగ్లేయుఁడైన హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు కప్పులు పగిలి, పెర్‌స్పెక్సు అను పారదర్శకపదార్థపు తునుకలు వైమానికుల కండ్లలో గ్రుచ్చుకొని కొందఱికి వాపు కలిగింపక నిలిచియుండుట యతఁడు గమనించెను. తీసిన కటకమునకు బదులు వేఱొకటి యుంచరాదా యన్నట్లు విద్యార్థి యొకఁ డనిన మాటయు నతని నాలోచింపఁజేసెను. 1949 నవంబరు 29న లండనులోని సెయింటు థామసు వైద్యశాలలో నతఁడు కృత్రిమకటకము నమర్చెను. 1950 ఫిబ్రవరి 8న దానిని స్థిరముగా నుంచెను. దాని శక్తి యధికమగుటచే తొలిరోగికిఁ దీవ్రమైన హ్రస్వదృష్టి కలిగెను. 1951లో నాక్సుఫర్డు సభలోఁ బ్రకటింపఁగా పెద్దలు గర్హించిరి. కంటినుండి యన్యవస్తువును దీయుటయే వైద్యధర్మము గాని యుంచుట గాదని వారి వాదము. 1981లో నమెరికా ప్రభుత్వ మీ కటకముల నంగీకరించెను. రిడ్లీ వార్ధక్యమున తన కండ్లకును వానినే పెట్టించుకొని, 2000లో సర్ బిరుదమంది, 2001లో దివంగతుఁడయ్యెను.

మన దేశమున నీ విద్య బీదలకు నందుటకుఁ గటకముల వెల దిగవలసియుండెను. 1992లో మధురలో స్థాపింపఁబడిన ఆరోలాబ్ తక్కువ వెలకు వానిని జేయసాగెను. తెలుఁగునాఁట 1987లో గుల్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున నెలకొల్పిన యెల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ యీ చికిత్సకుఁ బేరొందినది.

దృష్టిలోప మెల్లను శస్త్రసాధ్యమని యెంచరాదు. నలువదియేండ్లకు వచ్చు చత్వారమునకు సులోచనములు చాలును. 1888లో ఫిక్ గాజుతోఁ జేసి ప్రకటించిన స్పర్శకటకము, 1961లో విక్టర్లే చేతిలో మెత్తనిదయ్యెను. లేజరు కిరణముతో నల్లగ్రుడ్డుపై పారదర్శకపు పొరను జెక్కుట, సహజకటకమును దీయకయే వేఱొక కటకము నమర్చుట యను మార్గములును హ్రస్వదృష్టికిఁ గలవు.

కావున మసూరసామ్యము మనోహరమే గాని సాక్ష్యము గాదు. వెలుఁగునకుఁ ద్రోవ చేసిన యశము సుశ్రుతునిది. పోయినదానిని మరల నిచ్చిన యశము రిడ్లీది. పాఠశాలలో నీ విషయము చెప్పునప్పుడు పూర్వుని గొప్పను జూపుటకు పరుని కృషి నాతని కంటఁగట్ట నక్కఱలేదు; శలాకపట్టిన చేతికి సుశ్రుతుఁడు చెప్పిన జాగ్రత్తలే యాతని గొప్పను జాటును.