పెట్టె మనది, పెత్తనం సర్కారుది

అమెరికాలో ఇల్లు కొన్న కొత్తలో ఉగాది పిలుపు కాగితాల్ని పక్కిళ్ళ మెయిల్‌బాక్సుల్లో పెట్టొచ్చాను, స్టాంపుల్లేకుండా. అది తప్పని తర్వాతెప్పుడో తెలిసింది.

అక్కడ పెట్టె కొనేదీ, పాతేదీ ఇంటివాళ్ళే. కానీ తపాలా ఖర్చు ఎగ్గొట్టడానికి తెలిసి అందులో కాగితం వేస్తే జరిమానా. ఈ చట్టం 1934 నాటిది. కంపెనీలు బిల్లుల్ని సొంత మనుషులతో పంచుకుంటుంటే తపాలాశాఖ రాబడికి గండిపడింది. అదీ అసలు కారణం.

న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్‌బర్గ్ పౌరసంఘాల సమాఖ్య, ఇది వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డని కోర్టుకెక్కింది. 1981లో సుప్రీంకోర్టు 7-2తో తపాలాశాఖ పక్షానే నిలిచింది. పెట్టె తపాలా వ్యవస్థలో భాగమనీ, రాబడితోపాటు ఉత్తరాల భద్రతా ముఖ్యమేననీ రెన్‌క్విస్ట్ తీర్పు. పెట్టె ఇంటివాళ్ళ సొత్తు కదా అని స్టీవెన్స్ అసమ్మతి.

మా ప్రోగ్రామర్ల భాషలో, చదివే పర్మిషన్ నాది, రాసే పర్మిషన్ వాళ్ళది. మనసు స్టీవెన్స్ వైపే లాగుతుంది. కానీ ఏళ్ళతరబడి ఎదురుచూసిన గ్రీన్‌కార్డు ఆ తాళంలేని పెట్టెలోకే వచ్చింది. ఆ వారమంతా, అందులో ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదనే కోరుకున్నాను.

ఈ ఉగాదికి తలుపులు తట్టి, కాగితాలు చేతికే ఇచ్చాను.