ధమని ఉబ్బు – దాని చికిత్స
ధమని గోడ బలహీనమై బుడగవలె ఉబ్బినచో పగిలి ప్రాణము తీయవచ్చును. దాని చికిత్స పెరిగిన తీరును నేడు మనవి చేయుదును.

మోకాటి వెనుక ఉబ్బు లేచినవారికి పూర్వము తఱచుగా కాలు తీసివేసెడివారు. 1785 డిసెంబరులో లండనున జాన్ హంటరు ఒక గుఱ్ఱపుబండివాని ఉబ్బును ముట్టక, పైన తొడలోని ధమనిని దారముతో బిగించెను. నెత్తురు చిన్న నాళముల వెంట దారి చేసికొనెను, కాలు నిలిచెను. అతడు మరల బండి తోలెను.

కడుపులోని బృహద్ధమనికి ఈ ఉపాయము చాలలేదు. 1951లో పారిసున షార్ల్ దుబోస్ట్ ఉబ్బిన భాగమును తీసి, మృతురాలి ధమనిని అతికెను. 1990లో బ్యూనస్ ఐరిసున హువాన్ పరోడీ పొట్ట కోయక, తొడ ధమనిగుండ గుడ్డగొట్టమును లోనికి పంపెను.

ఐనను గొట్టము జారవచ్చును, దాని ప్రక్కనుండి నెత్తురు ఉబ్బులోనికి కారవచ్చును, చీము పట్టవచ్చును. కావున చికిత్స ముగిసినదని రోగి ఏమఱక, వైద్యుడు చెప్పిన గడువున పరీక్ష చేయించుకొనవలెనని నా విన్నపము.