పాస్‌వర్డు పోతే తప్పు ఎవరిది?

పాస్‌వర్డు ఎవరి చేతికైనా చిక్కిందంటే చాలు, పుట్టినతేదీ పెట్టుకున్నారనో, అన్నిచోట్లా ఒకటే వాడారనో వాడినవాళ్లనే తప్పుబడతాం. కానీ పాస్‌వర్డు చరిత్ర చూస్తే తొలి దెబ్బలు దాన్ని దాచిన చోటే తగిలాయి. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను నడిపి చూపింది. ఒకే పెద్ద కంప్యూటరును ఎందరో పంచుకోవాలి. ఎవరి ఫైళ్లు వాళ్లకే దక్కాలి, ఎవరి వాటా సమయం వాళ్లే వాడుకోవాలి. అందుకోసం పెట్టిన పాస్‌వర్డులన్నీ ఒకే ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వాటా సమయం చాలలేదు. ఆ ఫైలు పేరు పంచ్ కార్డు మీద పెట్టి అచ్చుకు ఇస్తే, మొత్తం జాబితా అచ్చయి చేతికొచ్చింది. 1966లో ఇంకా విచిత్రం జరిగింది. ఒక నిర్వాహకుడు లాగిన్ అయ్యేవారికి చూపే ఆ రోజు సందేశాన్నీ, మరొకరు పాస్‌వర్డుల ఫైలునూ ఒకేసారి దిద్దుతున్నారు. ఎడిటరు ప్రోగ్రాము ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు తెరవడంతో రెండూ తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. ఈ రెండుసార్లూ ఎంత గట్టి పాస్‌వర్డు పెట్టుకున్నవారికైనా దక్కిన రక్షణ సున్నా.

జనం తేలికపాటి మాటలు పెట్టుకోవడం అబద్ధమా అంటే, కాదు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో 3,289 పాస్‌వర్డులు పరిశీలించారు. వాటిలో 86 శాతం ఊహకు దొరికాయి; పదిహేను పాస్‌వర్డులైతే ఒక్క అక్షరమే. అయినా వాళ్లు జనాన్ని తిట్టి ఊరుకోలేదు. పొట్టి పాస్‌వర్డు ఇస్తే పొడుగుది పెట్టమని యంత్రమే అడిగేలా చేశారు. పాస్‌వర్డును తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి దాచే పద్ధతి, మనం నేడు హ్యాష్ అంటున్నది, వాళ్ల యూనిక్స్ వ్యవస్థలో అప్పటికే ఉంది. అది మరీ వేగంగా నడవడం ఊహించేవాళ్లకే లాభమని గ్రహించి, కావాలనే నెమ్మదిగా నడిచేలా చేశారు. ప్రతి పాస్‌వర్డుకూ సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్య కలిపారు. దాంతో ముందే లెక్కగట్టి సిద్ధం చేసుకున్న జాబితాతో అందరి పాస్‌వర్డులనూ ఒక్కదెబ్బకు పట్టడం కష్టమైంది. బలహీనత జనానిదే అయినా, విరుగుడు చాలావరకు యంత్రంలోనే దొరికిందన్నది నాకు ఇక్కడ ముఖ్యంగా తోస్తుంది.

కఠిన నియమాలు లేకపోతే జనం దారికి రారని మరో వాదన ఉంది. ఆ దారీ తొక్కి చూశారు. 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత అంకెలు, గుర్తులు కలపాలని, తరచూ మార్చాలని ఆఫీసులన్నీ పట్టుబట్టాయి. జనం పాత మాటకే చివర ఒక అంకె మార్చి పెట్టుకున్నారు. 2017లో ఆ సంస్థే ఆ రెండు నియమాలనూ విధించవద్దంది. మన రిజర్వు బ్యాంకు 2009లో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తనిఖీ ఉండాలని జనాన్ని కాక బ్యాంకులనే ఆదేశించింది. అలా స్థిరపడిన ఓటీపీ ఎంతో మేలు చేసింది, కానీ ఫోనులో నమ్మబలికి దాన్ని చెప్పించుకునే మోసగాళ్లూ పుట్టుకొచ్చారు; ఎవరికీ చెప్పొద్దన్న హెచ్చరికతో భారం మళ్లీ మన మీదే పడింది. పాస్‌వర్డుకు బదులుగా ఇప్పుడొస్తున్న పాస్‌కీలో నోటితో చెప్పడానికి ఏమీ ఉండదు. రహస్య కీ సైటుకు అసలు అందదు. అక్కడ ఉండేది దానికి జతైన పబ్లిక్ కీ మాత్రమే కాబట్టి, ఆ కీల ఫైలు మొత్తం ఎత్తుకుపోయినా దాంతో ఎవరి ఖాతాలోకీ వెళ్లలేరు.