కమాండ్ లైన్‌తో సీడీ రైటింగ్

సీడీలో ఉండవలసిన ఫైళ్లను, వాటి పట్టికను, బూట్ సమాచారాన్ని సెక్టర్ల వరుసలో పేర్చిన ఒకే ఫైలు డిస్క్ ఇమేజ్. టెర్మినల్‌లో ఆదేశం టైపు చేసి ఆ ఇమేజ్‌ను ఖాళీ సీడీకి ఎక్కించడమే కమాండ్ లైన్ సీడీ రైటింగ్. ఇందులో ఇమేజ్ తయారీ ఒక పని, దాన్ని సీడీపై రాయడం మరొక పని.

ఇమేజ్ తయారీ

సీడీలో ఫైళ్ల అమరికను 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణం స్థిరపరిచింది. ఇమేజ్ ఫైళ్లను ‘ఐసో’ అనడం దాని నుంచే మొదలైంది. ఎరిక్ యంగ్‌డేల్ 1993లో రాసిన ఎంకేఐసోఎఫ్ఎస్ ప్రోగ్రాము ఒక ఫోల్డరును ఐసోగా మార్చేది. యునిక్స్ ఫైళ్ల పొడవాటి పేర్లను, అనుమతులను ఐఎస్ఓ 9660కు చేర్చిన రాక్ రిడ్జ్ పొడిగింపు నిలబెట్టింది. 1995 నాటి ఎల్ టొరిటో ప్రమాణంతో సీడీ నుంచే పీసీని బూట్ చేసే వీలు కలిగింది.

సీడీరికార్డ్

ఇమేజ్‌ను సీడీ మీదికి మామూలు ఫైలులా కాపీ చేయడం కుదరదు. రాత ఎక్కడ మొదలవ్వాలో, ఏ వేగంతో సాగాలో, ట్రాక్‌ను ఎలా ముగించాలో డ్రైవుకు చెప్పాలి. తొలి రైటర్లలో ఈ ఆదేశాలు కంపెనీకో తీరుగా ఉండేవి. బెర్లిన్‌కు చెందిన యోర్గ్ షిల్లింగ్ 1996లో విడుదల చేసిన సీడీరికార్డ్ ప్రోగ్రాము ఆ తేడాలన్నిటినీ తనలో ఇముడ్చుకుంది. వాడేవారికి మాత్రం ఒకే ఆదేశం సరిపోయింది.

రాత మధ్యలో డేటా అందకపోతే ఆ సీడీ పనికిరాకుండా పోయేది. అందుకే సీడీరికార్డ్ కొంత డేటాను ముందుగానే మెమరీలో నింపి పెట్టుకునేది. నిజంగా రాయకుండా అంతా సరిచూసుకునేందుకు ‘డమ్మీ’ పద్ధతీ ఉండేది. తెగినచోటి నుంచే రాతను కొనసాగించే బర్న్‌ప్రూఫ్ పరిజ్ఞానాన్ని సాన్యో 2000లో తెచ్చాక ఈ బెడద తీరింది.

లైసెన్సు వివాదం

2006లో షిల్లింగ్ తన ప్రోగ్రాముల్లో చాలా భాగాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు నుంచి సీడీడీఎల్ అనే మరో లైసెన్సుకు మార్చారు. ఈ రెండు లైసెన్సుల కోడ్‌ను కలిపి పంచలేమని డెబియన్ అనే లినక్స్ పంపిణీని రూపొందించే బృందం భావించింది. షిల్లింగ్ అందుకు ఒప్పుకోలేదు. దాంతో లైసెన్సు మారకముందు ఉన్న పాత కోడ్ ఆధారంగా డెబియన్ సీడీఆర్‌కిట్‌ను రూపొందించింది. అందులో సీడీరికార్డ్ స్థానంలో వోడిమ్, ఎంకేఐసోఎఫ్ఎస్ స్థానంలో జెన్‌ఐసోఇమేజ్ వచ్చాయి.

తరవాతి దశ

థామస్ ష్మిట్ అభివృద్ధి చేసిన జోరిసో ఇమేజ్ తయారీని, రాతను ఒకే ప్రోగ్రాములో కలిపింది. లినక్స్‌ను బూట్ చేసే సిస్‌లినక్స్‌లో 2008లో చేరిన ఐసోహైబ్రిడ్ వల్ల అదే ఐసో పెన్‌డ్రైవ్ నుంచి కూడా బూట్ కాగలిగింది. సీడీ విషయంలో కుదరని నేరు కాపీ పెన్‌డ్రైవ్‌కు చాలు. సీడీ డ్రైవులు లేని కంప్యూటర్ల కోసం కూడా లినక్స్ పంపిణీలు నేటికీ ఎక్కువగా ఐసోలుగానే విడుదలవుతున్నాయి.