నమూనా ఆధారిత జలాంతర ధ్వని విశ్లేషణ

సముద్రంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. వేడి, ఉప్పదనం, లోతును బట్టి అది మారుతుంది. అందుకే శబ్దం వంగుతూ, ఉపరితలానికీ అడుగుకూ తగిలి అనేక దారుల్లో హైడ్రోఫోన్లను (నీటిలో శబ్దాన్ని వినే పరికరాలను) చేరుతుంది. ఆ దారులను భౌతిక సమీకరణాలతో ముందే లెక్కగట్టి, అందిన సంకేతంతో పోల్చి, శబ్దం పుట్టిన చోటును కనిపెట్టే పద్ధతి ఇది. 1976లో హోమర్ బకర్ లోతు తక్కువ సముద్రాల కోసం దీన్ని ప్రతిపాదించారు. ఊహించిన ప్రతి దూరానికీ, లోతుకూ ధ్వని క్షేత్రాన్ని గణించి, కొలతతో ఏది బాగా సరిపోలితే దాన్నే ఎంచుకోవాలి. మామూలు పద్ధతులను తికమకపెట్టే ప్రతిధ్వనులే ఇక్కడ ఆధారాలు కావడం ఈ ఆలోచనలోని అందం.

లెక్క తప్పితే జవాబూ తప్పుతుంది.

 బంగాళాఖాతమే ఇందుకు ఉదాహరణ. గంగ, బ్రహ్మపుత్రల వరదతో ఆ సముద్రం ఉత్తర భాగంలో పైపొర ఉప్పదనం బాగా పడిపోతుంది. లెక్కకు వాడే నమూనా దీన్ని పట్టించుకోకపోతే దూరం, లోతు రెండూ తారుమారవుతాయి. అలా కాకుండా ఉండేందుకు, ఆర్గో తేలియాడే పరికరాలు 2,000 మీటర్ల లోతు వరకు తీసే వేడి, ఉప్పదనం కొలతలను హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అందిస్తోంది. నీటిలో ధ్వనితో వెతకడం రక్షణ రంగంలోనూ ఉంది: విశాఖపట్నంలో 1969లో నెలకొన్న నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో లక్ష్యాన్ని వెతికేదీ ధ్వనితోనే.